చూడి పండగ: బ్రిజిడ్ నేల మీద ఐదు రోజులు

శుక్రవారం, జనవరి 31, 2025. డబ్లిన్

ఎయోవిన్ తుఫాను వెళ్లి సరిగ్గా వారం. ఆ తెల్లవారుజామున దేశమంతటికీ రెడ్ అలర్ట్ ఇచ్చారు. ఏడు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. పడమటి జిల్లాల్లో ఇవాళ్టికీ వేల ఇళ్లు చీకట్లోనే ఉన్నాయి. మా వీధి చివర పడిన పెద్ద చెట్టును ముక్కలు కోసి గోడ వారగా పేర్చారు. ఆ రాత్రి అమ్మ పడుకోలేదు. తనకు 1977 ఉప్పెన బాగా గుర్తు. “ఈ గాలీ అట్టాగే అరుస్తోందే” అంటూ తెల్లారేదాకా మంచం మీద కూర్చునే ఉంది.

అమ్మ తెనాలి దగ్గరి మా ఊరి నుంచి వచ్చి రెండు నెలలు దాటింది. మనిషి ఇక్కడున్నా మనసు పాకలోనే ఉంది. మా గేదె చూడి. రెండో ఈత. మొదటి ఈతలో దూడ అడ్డం తిరిగి దక్కలేదు. ఈసారి ఫాల్గుణంలో ఈనాలి. రోజూ పొద్దున్నే పిన్నికి వీడియో కాల్ చేసి, ఫోను గేదె వెనక్కి తీసుకెళ్లు, పొదుగు చూపించు అని అడుగుతుంది. అందుకే రేపటి ఇంబోల్క్ పండగ గురించి అమ్మకు చెప్పాలనిపించింది.

ఐర్లండ్ పాత లెక్కలో ఏడాదికి నాలుగు పెద్ద పండగలు. నవంబరు మొదట్లో సావిన్, ఫిబ్రవరి 1న ఇంబోల్క్, మే మొదట్లో బెల్టనా, ఆగస్టు మొదట్లో లూనసా. క్రైస్తవం రాకముందు నుంచీ ఉన్నవని చెప్పుకునే పండగలివి. వీటిలో ఇంబోల్క్ చలి చివరి పండగ. ఐరిష్‌లో ‘బోల్గ్’ అంటే కడుపు. ఇంబోల్క్ అంటే ‘కడుపులో’ అని ఎక్కువమంది చెప్పే అర్థం. గొర్రెలు చూడితో ఉండి, పొదుగుల్లోకి పాలు దిగే రోజులివి. పదో శతాబ్దం నాటి ఒక పాత ఐరిష్ నిఘంటువైతే ఈ మాటను గొర్రెపాలతోనే ముడిపెట్టింది.

ఇదంతా విని అమ్మ ఒక్క క్షణం ఆగి, “అయితే చూడి పండగన్నమాట” అంది. ఇన్నేళ్లుగా నేను చదివిన ఏ వివరణా ఇంత సూటిగా లేదు.

ఈ పండగ బ్రిజిడ్‌ది. దేవతగా కొందరు, క్రైస్తవ సెయింట్‌గా కొందరు తలుచుకునే తల్లి. సాయంత్రం దగ్గర్లోని లైబ్రరీలో బ్రిజిడ్ సిలువలు అల్లడం నేర్పుతుంటే వెళ్లాం. తడినేలల్లో పెరిగే సన్నటి గడ్డిని తెచ్చి బల్ల మీద పోశారు. రష్ అంటారు దాన్ని. చూడ్డానికి మన తుంగలా ఉంటుంది. కొడవలితో కోయకూడదట, చేత్తో పీకాలట. నేర్పే పెద్దావిడ ఒక పుల్లను నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని మధ్యకు మడిచి దానికి తగిలించి, మొత్తాన్ని పావు వంతు తిప్పింది. మళ్లీ ఒక పుల్ల, మళ్లీ పావు తిప్పు. చుట్టూ తిరిగేకొద్దీ మధ్యలో చిన్న చదరం ఏర్పడి, నాలుగు చేతులు బయటికి సాగాయి. కొసలు నాలుగూ దారంతో కట్టేస్తే అయిపోయింది. నా సిలువ మధ్యలో వదులైంది. చిన్నప్పుడు తుంగ చాపలు అల్లిన అమ్మ, ప్రతి మడతా బొటనవేలితో బిగదీసి నొక్కుతూ అల్లింది. ఆ పెద్దావిడ దాన్ని చేతిలోకి తీసుకుని లాగి చూసింది. తర్వాత ఏమీ అనకుండా తన సిలువ పక్కన పెట్టింది.

ఈ సిలువను వాకిలి పైన కడితే ఇంటికి అగ్నిభయం ఉండదని నమ్మకం. పాత రోజుల్లో ఇవాళ్టి సాయంత్రం ఇంట్లో ఒకరు గడ్డిమోపు పట్టుకుని గుమ్మం బయట నిలబడి, బ్రిజిడ్‌ను లోపలికి రానివ్వండి అని మూడుసార్లు అడిగేవారట. లోపలివాళ్లు రమ్మని పిలిస్తేనే గడప దాటేవారట.

పడుకోబోయే ముందు మరో పని ఉంది. ఈ రాత్రి బ్రిజిడ్ ఊరూరా తిరుగుతుందని, బయట ఒక గుడ్డ ఆరేస్తే దాన్ని తాకి వెళ్తుందని అంటారు. ‘బ్రిజిడ్ వస్త్రం’ అంటారు దాన్ని. ఏడాదంతా దాచుకుని, తలనొప్పి వస్తే నుదుటికి చుట్టుకుంటారు, కాన్పు కష్టమైతే వాడతారు. ఈనే ఆవుల మీద కప్పడం కూడా ఉండేదట. ఈ చివరి మాట వినగానే అమ్మ లేచి పెట్టె తెరిచింది. కొత్త జాకెట్టు ముక్క ఒకటి తీసి, బాల్కనీ కమ్మీకి రెండు ముళ్లు వేసి కట్టింది.

శనివారం, ఫిబ్రవరి 1. కిల్డేర్

పొద్దున గుడ్డ తడిసి బరువెక్కి ఉంది. అమ్మ పిండకుండా హీటర్ మీద ఆరేసింది.

కిల్డేర్ మాకు గంట లోపు దారి. ఐరిష్‌లో ‘కిల్ దారా’, అంటే ఓక్ చెట్టు గుడి. సెయింట్ బ్రిజిడ్ మఠం కట్టింది ఇక్కడే. ఆమె కాలం 451 నుంచి 525 దాకా అని సంప్రదాయం చెబుతుంది. అదే పేరుతో ఒక దేవతా ఉంది. ఆమె దాగ్దా అనే దేవుడి కూతురు. కవులు కొలిచే తల్లి. ఆమెకు అదే పేరుతో ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరి పనికి. కవిత్వం, వైద్యం, కొలిమి ఒకే పేరు కింద ఉన్నాయి. సెయింట్ ముందా దేవత ముందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎందుకంటే దేవత గురించి మనకు దొరికే రాతలన్నీ క్రైస్తవ సన్యాసులు రాసినవే. నాకు ఆ వాదన కన్నా, ఇద్దరినీ ఒకే రోజున ఒకే ఊళ్లో తలుచుకోవడం పెద్ద విషయంగా కనిపిస్తుంది.

పెద్ద చర్చి ఆవరణలో 33 మీటర్ల రాతి గోపురం ఒకటి నిటారుగా నిలబడి ఉంటుంది. అందరూ దాన్నే ఫోటో తీస్తారు. నేను అమ్మను దాని పక్కనే ఉన్న మరో చోటికి తీసుకెళ్లాను. మోకాలెత్తు రాతి గోడలు, మధ్యలో పచ్చగడ్డి, అంతే. దాన్ని అగ్ని ఇల్లు అంటారు. పన్నెండో శతాబ్దంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాధికారి ఐర్లండ్‌కు వచ్చినప్పుడు ఇక్కడి నిప్పు గురించి రాశాడు. బ్రిజిడ్ కాలం నుంచీ ఆరని నిప్పట. చుట్టూ కంచె, మగవాళ్లెవరూ లోపలికి పోకూడదు. ఎన్ని వందల ఏళ్లు కట్టెలు వేసినా బూడిద పెరగదని చెప్పుకునేవారు. పందొమ్మిది మంది సన్యాసినులు రోజుకొకరు చొప్పున కాపలా కాసేవారు. ఇరవయ్యో రాత్రి ఎవరూ ఉండరు. పందొమ్మిదో ఆమె కట్టెలు పక్కన పేర్చి, బ్రిజిడ్, ఈ రాత్రి నీది, నీ నిప్పు నువ్వే చూసుకో అని చెప్పి వెళ్లిపోయేది. తెల్లారి వచ్చి చూస్తే కట్టెలు కాలి ఉండేవి, నిప్పు మండుతూనే ఉండేది.

“నిప్పును నోటితో ఊదకూడదని కూడా రాశాడమ్మా. తిత్తులతోనో విసనకర్రతోనో విసరాలట.”

అమ్మ నా వైపు చూసింది. “మరి? దీపాన్ని నోటితో ఊదుతారా ఎవరైనా?”

దీపం ఆరిపోయిందని కూడా అనం మనం, కొండెక్కింది అంటాం. అమ్మకు ఆ సన్యాసినులు ఒక్కసారిగా తెలిసినవాళ్లయిపోయారు. ఇలాంటి చోటే నాకు జాగ్రత్తగా ఉండాలనిపిస్తుంది. ఏది చూసినా “ఇది మనదే, మన దగ్గర నుంచే వెళ్లింది” అనేయడం చాలా సులువు. ఆ మాట నాకు ఇష్టం లేదు. ఈ నిప్పు వీళ్లది, ఈ చలిలో, ఈ తడి కట్టెలతో వీళ్లు కాపాడుకున్నది. నిప్పుకు మర్యాద ఇవ్వాలని తెలిసిన ఆడవాళ్లు రెండు చోట్లా ఉన్నారు. నా మటుకు ఆ చుట్టరికం చాలు.

ఆ ఇరవయ్యో రాత్రి గురించే రోజంతా ఆలోచించాను. పందొమ్మిది రాత్రులు మేలుకున్న చేతులు ఒక్క రాత్రి వెనక్కి తగ్గాలి. చూడి పశువు విషయమూ అంతే. మేత వేయగలం, కుడితి పెట్టగలం, లోపల జరిగేది మాత్రం మన చేతిలో లేదు. పొలంలో విత్తనం ఇంకా లేవదు, చెట్టుకు ఆకు లేదు, గాలి ఎముకలు కొరుకుతోంది. అయినా లోపల ఏదో మొదలైందని నమ్మి దీపం పెడతారు చూడండి, ఇంబోల్క్ అంటే నాకు అదే. వసంతం వచ్చాక చేసే పండగలు ప్రపంచమంతా ఉన్నాయి. రాకముందే చేసే పండగకు ఎక్కువ గుండె ధైర్యం కావాలి.

పదహారో శతాబ్దంలో మఠాలు మూసేసినప్పుడు ఆ నిప్పు ఆరింది. 1993లో బ్రిజిడిన్ సన్యాసినులు ఊరి నడిబొడ్డున మార్కెట్ కూడలిలో దాన్ని మళ్లీ వెలిగించారు. ఇప్పుడు ఊరి అంచున సోలస్ బ్రీద అనే కేంద్రంలో అది చిన్న దీపంగా వెలుగుతోంది. మేం వెళ్లేసరికి అక్కడ నిలబడటానికి చోటు లేదు. అమ్మ చెప్పులు విప్పబోతే అక్కర్లేదన్నారు. అయినా విప్పింది.

అక్కడి నుంచి టల్లీ బావికి నడిచాం. చుట్టూ చెట్లు, సన్నగా పారే నీరు, చేతిలో నిప్పు పట్టుకున్న బ్రిజిడ్ కంచు విగ్రహం. బావి పక్క చెట్టుకు ముడుపుల్లా గుడ్డ పేలికలు. నొప్పి ఉన్న చోట తడిగుడ్డతో తుడిచి చెట్టుకు కడతారు. ఆ గుడ్డ కుళ్లి రాలేకొద్దీ జబ్బూ రాలిపోతుందని ఆచారం. కానీ ఇప్పుడు కట్టేవాటిలో సగం నైలాన్ రిబ్బన్లు, ప్లాస్టిక్ బొమ్మలు. అవి కుళ్లవు, పైగా కొమ్మను కోసేస్తాయి. చూస్తే మనసు చివుక్కుమంది. దండం పెట్టడానికి వచ్చిన చెట్టుకే ఉరి వేయడం ఏమిటి? అమ్మ తన నూలు చేతిరుమాలు అంచు చింపి, వదులుగా కట్టింది.

బావి దగ్గర ఒక వృద్ధ సన్యాసిని, మెడలో చంద్రవంక వేసుకున్న ఒక యువతి పక్కపక్కన నిలబడి ఉన్నారు. యువతి తాను పాత మతాన్ని అనుసరిస్తానని, ఇల్లంతా శుభ్రం చేసి ప్రతి కిటికీలో కొవ్వొత్తి వెలిగించి వచ్చానని చెప్పింది. మరి మీ ఇద్దరికీ పేచీ రాదా అని అడిగాను. “నేను దేవత కోసం వచ్చాను, ఈవిడ సెయింట్ కోసం వచ్చింది. నీళ్లు ఒకటే కదా” అంది. సన్యాసిని నవ్వి ఆమె చేయి పట్టుకుని మెట్టు దిగింది.

తిరుగు దారిలో కరా మైదానం. కంచెలు లేని ఐదువేల ఎకరాల పచ్చిక. నా దుప్పటి కప్పినంత నేల ఇస్తే చాలని బ్రిజిడ్ రాజును అడిగిందట. రాజు నవ్వి ఒప్పుకున్నాడు. దుప్పటి పరిస్తే అది సాగి సాగి ఈ మైదానమంతా కప్పేసిందట. వామనుడి మూడడుగులు గుర్తొచ్చాయి నాకు. అమ్మ మాత్రం కథ వినడం లేదు. కారు ఆపించి గొర్రెలను చూస్తోంది.

“ఆ నల్లమొహం దాన్ని చూడు, పొదుగు దిగుతోంది. ఆ వెనకదానికి ఇంకా నెల పడుతుంది.”

ఆదివారం, ఫిబ్రవరి 2. ఫాకర్ట్

డండాక్ దాటాక, ఉత్తర సరిహద్దుకు కూతవేటు దూరంలో ఫాకర్ట్ ఉంది. బ్రిజిడ్ పుట్టింది ఇక్కడే అంటారు. వానలో బయల్దేరాం, వానలోనే చేరాం. వాన పడితే మంచిదేనని అక్కడ ఒకావిడ చెప్పింది. చలికాలాన్ని ఏలే కాలియాక్ అనే ముసలమ్మ ఈ రోజుల్లోనే కట్టెలు ఏరుకుంటుందట. చలి ఇంకా పొడిగించాలనుకుంటే ఎండ కాయిస్తుంది. వాన పడిందంటే ఆమె నిద్రపోయినట్టు, కట్టెలు అయిపోయినట్టు. స్కాట్లండ్‌లోనూ ఈ కథ ఉంది.

బ్రిజిడ్ పుట్టుక కథ అమ్మకు ఇక్కడే చెప్పాను. తల్లి బ్రోక్సెక్ బానిస. సూర్యుడు పొడిచే వేళ పాలు పితికి తెస్తూ, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట ఉండగా బిడ్డ పుట్టింది. ఆ పాలతోనే బిడ్డకు స్నానం చేయించారు. పగలూ కాదు రాత్రీ కాదు, ఇంట్లోనూ కాదు బయటా కాదు.

“గడప మీదా!” అంది అమ్మ. “మన నరసింహస్వామి గడప మీద చంపాడు. ఈ తల్లి గడప మీద పుట్టింది.”

అక్కడ చిన్న వాగు, దాని వెంట రాళ్లు. ఒక్కో రాయి ఒక్కో అవయవానికి. తల రాయి, కళ్ల రాయి, మోకాళ్ల రాయి. రాతిలో సహజంగా ఏర్పడిన గుంటల్లో మోకాళ్లు ఆనించి ప్రార్థిస్తారు. అమ్మకు పదేళ్లుగా మోకాళ్ల నొప్పులు. చీర తడుస్తుందని చెప్పినా వినలేదు. రెండు మోకాళ్లూ గుంటల్లో పెట్టి కూర్చుంది. వెనక వరుసలో వేచి ఉన్నవాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు. లేవడానికి నేనూ, ఎవరో తెలియని ఒక మనిషీ చెరో చేయీ అందించాం.

ఇవాళ క్యాండిల్‌మస్ కూడా, ఏడాదికి సరిపడా కొవ్వొత్తులను చర్చిలో దీవించే రోజు. దాని గురించి రాయాల్సింది చాలా ఉంది కానీ, ఇవాళ నా కళ్లలో నిలిచింది వేరే.

కారు దగ్గరికి వస్తుంటే కంచె అవతల ఒక గొర్రె అప్పుడే ఈనింది. పిల్ల ఒళ్లంతా పసుపుపచ్చటి జిగురు. వాన ఆ జిగురును చారలు చారలుగా కడుగుతోంది. తల్లి గొంతులోనే ఏదో గొణుగుతూ, ముక్కు దగ్గర మొదలుపెట్టి వీపు దాకా నాకుతోంది. పిల్ల ముందుకాళ్లు కూడదీసుకుని లేవబోయి పడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. మూడోసారి వెనక కాళ్లు ముందు లేచాయి, తల ఇంకా నేల మీదే ఉంది. బొడ్డుతాడు ఎర్రటి దారంలా వేలాడుతోంది. అమ్మ కంచె తీగను రెండు చేతులతో పట్టుకుని, “తాగు, తాగమ్మా, ముందు జున్నుపాలు తాగు” అంటోంది తెలుగులో. పిల్ల తల్లి ముందుకాళ్ల మధ్య వెతికింది, పొట్ట కింద వెతికింది. చివరికి పొదుగు దొరికింది. తోక గిలగిలా ఊగింది.

“మాయ ఇంకా పడలేదు. పడేదాకా ఉందాం” అంది అమ్మ. నలభై నిమిషాలు వానలో నిలబడ్డాం. పడ్డాకే కదిలాం.

సోమవారం, ఫిబ్రవరి 3. తారా కొండ

ఇవాళ సెలవు. 2023 నుంచి బ్రిజిడ్ పేరుతో ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు. ఈ దేశంలో ఒక స్త్రీ పేరు మీద వచ్చిన మొదటి సెలవు ఇదే.

చీకట్లోనే లేచి, సూర్యోదయానికి ముందే తారా కొండకు చేరాం. ఐర్లండ్ రాజుల కొండ ఇది. దీని మీద ఐదువేల ఏళ్ల నాటి ఒక మట్టి దిబ్బ ఉంది. బందీల దిబ్బ అంటారు. లోపలికి నాలుగు మీటర్ల రాతి దారి, అందులో చెక్కడాలున్న రాయి. రెండు వందల మందికి పైగా మనుషుల అస్థికలు ఆ దిబ్బలో దొరికాయి. ఏడాదికి రెండుసార్లు, సావిన్ రోజుల్లోనూ ఇంబోల్క్ రోజుల్లోనూ, పొద్దుపొడుపు వెలుగు తిన్నగా ఆ దారిలోకి పడుతుంది. ఇంబోల్క్ అనే మాట పుట్టడానికి చాలా ముందే కట్టిన దిబ్బ అది. పండగకు పేరు తర్వాత వచ్చింది, సూర్యుడు ఏ రోజున ఎక్కడికి వస్తాడో మాత్రం దాన్ని కట్టినవాళ్లకు ముందే తెలుసు.

ముప్పై మంది దాకా ఉన్నాం. ఇనుప తలుపుకు తాళం ఉంది, కమ్మీల సందుల్లోంచి చూడాలి. ఎనిమిది దాటింది. తూర్పున బూడిదరంగు మబ్బు దుప్పటిలా పరుచుకుని ఉంది. ఎనిమిదింబావు. మబ్బు అంచు కాస్త తెల్లబడింది, అంతే. వెలుగు లోపలికి పడలేదు. ఒకాయన ఫ్లాస్కులోంచి టీ పోసి చుట్టూ ఉన్నవాళ్లకు ఇచ్చాడు. అమ్మ సూర్యుడు ఉండాల్సిన వైపుకు తిరిగి చేతులు జోడించింది. పక్కనున్న చిన్నపిల్ల ఆమెను చూసి తనూ జోడించింది.

“కనపడలేదే అమ్మా” అన్నాను. ఇంత దూరం తీసుకొచ్చి చూపించలేకపోయానని నాకు బాధగానే ఉంది.

“మబ్బు వెనకే ఉన్నాడుగా. ఆ బ్రిజిడ్ తల్లి ఇరవయ్యో రాత్రి నిప్పును చూసుకుంది కదా, అట్టాగే.”

మంగళవారం, ఫిబ్రవరి 4. ఇల్లు

ఇవాళ రథసప్తమి. జిల్లేడు ఆకు లేదు, చిక్కుడు ఆకు లేదు, పిడకల నిప్పు అసలే లేదు. తూర్పు కిటికీ దగ్గర కరెంటు పొయ్యి పెట్టి, కొత్త గిన్నెలో పాలు పోసింది అమ్మ. ఇండియన్ షాపులో దొరికిన నాలుగు చిక్కుడుకాయలకు అగ్గిపుల్లలు గుచ్చి రథం చేసింది. శుక్రవారం అల్లిన సిలువ గుమ్మం పైన, సంక్రాంతికి కట్టిన ఎండు మామిడాకుల పక్కన ఉంది. డిసెంబరులో నాలుగింటికే పొద్దు గూకేది, ఇప్పుడు ఐదు దాటుతోంది. పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నాయి. తుడవబోతే అమ్మ నా చేయి పట్టుకుంది, ఆగమని.

తర్వాత పిన్నికి ఫోను చేసింది. వీడియోలో పాక, వరిగడ్డి వామి, పక్కకు తిరిగి నెమరేస్తున్న మా గేదె. పిన్ని ఫోను కిందికి వంచి పొదుగు చూపించింది.

“చన్నులు బిగుస్తున్నాయే” అంది అమ్మ స్క్రీన్ దగ్గరికి వంగి. “నేను పదిహేనో తారీఖుకి వచ్చేస్తా. ఈలోగా దాన్ని పొలం గట్లు ఎక్కనివ్వొద్దు. ఒక గుడ్డ తెస్తున్నా, వీపు మీద కప్పుదాం.”

ఆరిన జాకెట్టు ముక్కను నాలుగు మడతలు పెట్టి పెట్టెలో చీరల మధ్య దాచింది.